నది ఒడ్డున నిలిచిపోయిన రైలు: కాకినాడ–కోటిపల్లి మార్గం చెప్పే చరిత్ర

గోదావరి డెల్టా చరిత్రను జీవితమంతా పిల్లలకు పాఠంగా చెప్పిన ఒక ఉపాధ్యాయుని స్మృతికి ఈ ఉపన్యాసం అంకితం. ఇలాంటి సభల్లో శాసనాల గురించో, రాజవంశాల గురించో ప్రసంగించడం ఆనవాయితీ. ఈ ఏడాది ఎంచుకున్న విషయం అంత ఘనంగా కనిపించకపోవచ్చు. కాకినాడలో మొదలై కరప, వాకాడ, వెలంగి, రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా కోటిపల్లి చేరి, గోదావరి పాయ అయిన గౌతమి గట్టున ఆగిపోయే 45 కిలోమీటర్ల రైలు దారి ఈనాటి ప్రసంగానికి వస్తువు.

ఈ దారి గురించి తరతరాలుగా వినిపిస్తున్న తీర్పు ఒక్కటే: గిట్టుబాటు కాదు. 1928లో దీన్ని వేశారు. 1940లో పట్టాలు పీకేశారు. 2004లో మళ్లీ వేశారు. తర్వాత ఒంటి పెట్టె రైలు బస్సును నడిపి, కరోనా కాలంలో దాన్నీ ఆపేశారు. ఈ నాలుగు వాక్యాలు వరసగా చదివినవారికి ఆ తీర్పు నిజమేననిపిస్తుంది. కానీ కోటిపల్లి దారిని వేసినవారెవరూ దానిని చివరిదాకా వేయలేదు. గౌతమి దాటి కోనసీమలోకి వెళ్లవలసిన దారి అది. దాన్ని రేవు దగ్గర ఆపేసి, ఆగిన దారికి పూర్తి దారి లెక్క కట్టి, నష్టమని రాశారు. ఈ ఉపన్యాసం నిరూపించదలచినది ఇంతే.

దానికి ముందు రైలు లేని కాలంలోకి వెళ్లాలి. 1839 తుపానులో కోరంగి రేవు ధ్వంసమైంది. ఆ తర్వాతి దశాబ్దాల్లో ఈ తీరపు వర్తకం కాకినాడకు చేరింది. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట పొలాలకు నీళ్లివ్వడంతోపాటు పడవలకు దారులిచ్చింది. తూర్పు డెల్టా కాలువలు, వాటి లాకులు ఒకవైపు సేద్యానికి, ఒకవైపు రవాణాకు పనికివచ్చేలా కట్టినవే. వడ్ల బస్తాలు, కొబ్బరికాయలు, బెల్లం, కలప అన్నీ నీటి మీదే కాకినాడ చేరేవి. రైళ్ల కన్నా నౌకాయానానికి పనికివచ్చే కాలువలే ఈ దేశానికి చౌక అని ఆర్థర్ కాటన్ దొర జీవితాంతం వాదించారు. సామ్రాజ్యం ఆ వాదన వినలేదు. ఆయన పేరు ఇంటింటా చెప్పుకునే డెల్టా మాత్రం చాలాకాలం ఆయన చెప్పినట్టే బతికింది. పడవ ఉన్న ఊరికి రైలు లేకపోవడం అప్పట్లో లోటుగా తోచలేదు.

రైలు వచ్చినప్పుడు డెల్టా నడుమ నుంచి రాలేదు, దాని తల మీదుగా వచ్చింది. 1893–96 మధ్య బెజవాడ నుంచి కటకం దాకా ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే మార్గం తెరుచుకుంది. గోదావరి మీద రాజమండ్రి దగ్గర హేవలాక్ వంతెన 1900లో పూర్తయింది. ఇంజనీర్ల దృష్టిలో ఆ ఎంపిక సహేతుకం. ధవళేశ్వరానికి దిగువన నది గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలుతుంది, వశిష్ఠ నుంచి వైనతేయ విడివడుతుంది. పైనయితే ఒక్క వంతెనతో పని తీరుతుంది, కిందయితే మూడు కట్టాలి. మద్రాసును కలకత్తాతో కలపదలచినవారికి ఆ ఒక్కటి చాలు.

ఆ నిర్ణయపు ఫలం నేటికీ అనుభవంలో ఉంది. హేవలాక్ వంతెన తర్వాత 1974లో రోడ్డు–రైలు వంతెన వచ్చింది. 1997లో హేవలాక్‌కు విశ్రాంతినిచ్చి, విల్లు ఆకారపు వంతెన మీదికి రైళ్లను మళ్లించారు. మూడూ రాజమండ్రి–కొవ్వూరు మధ్యనే ఉన్నాయి. ధవళేశ్వరానికి దిగువన గోదావరి ఏ పాయనూ ఇంతవరకు ఒక్క రైలూ దాటలేదు. కోనసీమ మూడు పాయల మధ్య, సముద్రం అంచున, దేశంలోనే జనం కిక్కిరిసిన పల్లెసీమల్లో ఒకటిగా ఉండి కూడా రైలు పటం మీద ఖాళీగా మిగలడానికి మూలం ఇక్కడుంది.

ప్రధాన మార్గం వదిలేసిన సీమలను చిన్న దారులతో కలపాలన్న ఆలోచన ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో బలపడింది. మద్రాసు ప్రెసిడెన్సీలో జిల్లా బోర్డులు భూమిశిస్తుతోపాటు సెస్సు వసూలు చేసి రైలు దారులు వేయించే పద్ధతిని తంజావూరు ముందే చూపింది. 1908లో బెజవాడ నుంచి మచిలీపట్నానికి, 1916లో తెనాలి నుంచి రేపల్లెకు దారులు వచ్చాయి. 1928 ప్రాంతంలో గుడివాడ నుంచి భీమవరం దాకా మీటరు గేజి పట్టాలు పడ్డాయి. కోటిపల్లి దారి తెరిచినదీ అదే కాలం. పటం మీద ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి. పడమటి నుంచి ఒక చేయి, తూర్పు నుంచి ఒక చేయి గోదావరి పాయల వైపు చాచుకుంటూ వచ్చాయి. మధ్యలో మిగిలింది కోనసీమ వెడల్పు మాత్రమే. ఆ చేతులు కలిసి ఉంటే ఈ ప్రసంగం అవసరమే ఉండేది కాదు.

కలవలేదు. తెరిచిన మరుసటి ఏడే ప్రపంచ మాంద్యం మొదలైంది. వడ్ల ధర పడిపోయింది. ధర లేని పంటను రైలెక్కించేవారు తగ్గారు. అదే దశాబ్దంలో గ్రావెలు రోడ్ల మీదికి మోటారు బస్సు వచ్చింది. ఆ బస్సుకు స్టేషన్‌తో పని లేదు, చెయ్యెత్తితే ఆగుతుంది. రైలుకూ రోడ్డుకూ మధ్య పోటీ ఎంత ముదిరిందంటే, దాన్ని పరిశీలించమని ప్రభుత్వం మిచెల్, కిర్క్‌నెస్ అనే ఇద్దరు అధికారులను నియమించింది. వారి నివేదిక 1933లో వచ్చింది. 1937లో వెడ్జ్‌వుడ్ కమిటీ భారత రైల్వేల ఆర్థిక స్థితి మొత్తాన్నీ తడిమింది. రైల్వే పద్దును సాధారణ బడ్జెట్ నుంచి 1924లోనే విడదీశారు గనుక ప్రతి దారీ తన ఖర్చు తాను తెచ్చుకోవాలన్న ఒత్తిడి అప్పటికే ఉంది. నది దగ్గర తెగిపోయిన పన్నెండేళ్ల పసి మార్గం ఆ ఒత్తిడి ముందు నిలబడే ఆస్కారమే లేదు.

తర్వాత యుద్ధం వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధానికి భారత రైల్వేలు ఇంజన్లు, వ్యాగన్లు, పట్టాలు సమర్పించుకున్నాయి. వాటిలో గణనీయమైన భాగం మధ్యప్రాచ్యానికి వెళ్లింది. దేశమంతటా ఇరవైకి పైగా శాఖా మార్గాలను ఇనుము కోసం విప్పేశారు. 1940లో కోటిపల్లి దారి ఆ జాబితాలో చేరింది. ఏ దారిని విప్పాలో నిర్ణయించడానికి అప్పటి కొలత ఆదాయం. ద్రాక్షారామ భీమేశ్వరుడి దర్శనానికి, కోటిపల్లి సోమేశ్వరుడి శివరాత్రికి, పుష్కర స్నానానికి వెళ్లే జనం ఆ కొలతలో తూగలేదు. పల్లె టికెట్లతో బతకవలసిన ఇనుము సామ్రాజ్యపు యుద్ధానికి తరలిపోయింది. దానికి బదులుగా యుద్ధం తర్వాత తిరిగి వేస్తామన్న బాధ్యతను ఎవరూ నెత్తిన వేసుకోలేదు.

ఇక్కడ ఉత్తరాంధ్ర అంచున ఉన్న మరో దారిని తలచుకోవడం న్యాయం. శ్రీకాకుళం జిల్లా నౌపడ నుంచి పర్లాకిమిడికి రెండున్నర అడుగుల గేజితో సుమారు 40 కిలోమీటర్ల చిన్న రైలును పర్లాకిమిడి రాజా వేయించారు. బ్రిటిష్ ప్రభుత్వం 1898లో అనుమతి ఇచ్చింది. దారి 1900 ఏప్రిల్ 1న తెరుచుకుంది. ఖర్చు 7 లక్షల రూపాయలు. తొలి ఏళ్లన్నీ నష్టమే. 1910 తర్వాత కొద్దిపాటి లాభం కనిపించింది. 1924–25 తర్వాత అది పెరిగింది. అప్పుడు సంస్థానం దారిని మూసేయాలా అని ఆలోచించలేదు. 1929లోనూ 1931లోనూ రెండు విడతలుగా గుణుపురం దాకా పొడిగించింది. టెక్కలి, పాతపట్నం తెలుగు పల్లెలూ, ఒడియా ఊళ్లూ, సవర గూడేలూ ఆ చిన్న పట్టాల వెంటే కలిశాయి. సవర భాషకు, వ్యావహారిక తెలుగుకు జీవితం ధారపోసిన గిడుగు రామమూర్తి పంతులు గారు ఉద్యోగం చేసిన పర్లాకిమిడి ఆ దారి మీదిదే.

లాభం చూడడానికి పదేళ్లు, పొడిగించడానికి దాదాపు ముప్పై ఏళ్లు ఆగగలిగిన యజమాని ఆ దారికి ఉన్నాడు. కోటిపల్లి దారికి అలాంటివాడు లేడు. సంస్థానాధీశుల పాలనను పొగడడం ఈ పోలిక ఉద్దేశం కాదు. దారి చివర ఎక్కడుండాలో ఆ దారి మీద బతికేవాళ్లు నిర్ణయించారా, దూరాన కూర్చున్నవాళ్లు నిర్ణయించారా అన్నదే ఇక్కడి ప్రశ్న. గుణుపురం దారికీ తర్వాత కష్టకాలం రాకపోలేదు. 2004లో చిన్న రైలు ఆగింది. బ్రాడ్‌గేజి పనులు పూర్తయి గుణుపురం దాకా రైలు మళ్లీ నడవడానికి 2011 దాకా పట్టింది. ఏడేళ్లు ఆ లోయ రైలు లేకుండా గడిపింది. కానీ పెద్ద పట్టాలు పడ్డాక విశాఖపట్నానికి, పూరీకి నేరుగా రైళ్లు వచ్చాయి. చిన్న గేజి కాలంలో నౌపడలో దిగి బండి మారవలసిన ప్రయాణికుడు ఇప్పుడు ఎక్కిన పెట్టెలోనే గమ్యం చేరుతున్నాడు.

కోటిపల్లి విషయంలో నిశ్శబ్దం అరవై నాలుగేళ్లు సాగింది. స్వాతంత్ర్యం వచ్చింది, రాష్ట్రాలు మారాయి, పంచవర్ష ప్రణాళికలు వచ్చాయి. కాలువల మీద పడవలు క్రమంగా తగ్గి, లారీలు పెరిగాయి. అంబాజీపేట కొబ్బరి మార్కెట్టు దేశమంతటికీ తెలిసింది, కానీ అక్కడి సరుకు లారీ మీదే ఊరు దాటింది. కోనసీమ నేల కింద సహజవాయువు దొరికింది. 1995 జనవరిలో పాశర్లపూడి బావి బద్దలై మంటలు చెలరేగినప్పుడు దేశం యావత్తూ కోనసీమ పేరు విన్నది. ఆ వాయువు గొట్టాల గుండా బయటి పరిశ్రమలకు వెళ్లింది. సీమ సంపద బయటికి వెళ్లడానికి దారులు దొరికాయి. సీమ మనుషులకు మాత్రం నది దాటించే పంటు, బస్సు మిగిలాయి.

ఈ నిశ్శబ్దాన్ని కదిపిన పేరు గంటి మోహనచంద్ర బాలయోగి. తూర్పు గోదావరి జిల్లా పరిషత్ అధ్యక్షుడిగా, తర్వాత అమలాపురం పార్లమెంటు సభ్యుడిగా, 1998 మార్చి నుంచి లోక్‌సభ స్పీకరుగా ఆయన ఈ ప్రాంతపు రేవులూ రోడ్లూ బాగా ఎరిగినవారు. ఆ స్థానానికి చేరిన తొలి దళితుడు. కోటిపల్లి దారిని తిరిగి వేయించడం వెనుకా, కోటిపల్లి నుంచి అమలాపురం మీదుగా నరసాపురానికి 57 కిలోమీటర్ల కొత్త మార్గం 2000–01లో మంజూరు కావడం వెనుకా ఆయన పట్టుదల ఉంది. ఈ రెండింటినీ వేరువేరు పనులుగా ఆయన చూడలేదు. పాత దారిని బతికించాలంటే దాన్ని నది దాటించాలని ఆయనకు తెలుసు. 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టర్ ప్రమాదంలో ఆయన మరణించారు. ఆ తర్వాత రెండేళ్లకు కోటిపల్లి దాకా పట్టాలు పడ్డాయి. అవతలి 57 కిలోమీటర్లు కాగితం మీద మిగిలాయి.

ఆయన పేరు పెట్టిన వంతెన మరోచోట లేచింది. యానాం–ఎదుర్లంక మధ్య గౌతమి మీది రోడ్డు వంతెన రాకతో కాకినాడ–అమలాపురం ప్రయాణం పూర్తిగా మారిపోయింది. అప్పటిదాకా కోటిపల్లి రేవులో పంటెక్కి ముక్తేశ్వరం చేరే ప్రయాణికుల్లో చాలామంది ఇక యానాం మీదుగా బస్సులో వెళ్లడం మొదలుపెట్టారు. కోనసీమకు ఎంత మేలు చేసిందో చెప్పనలవి కాని వంతెన అది. కోటిపల్లి రైలుకు మాత్రం పుట్టుకలోనే ప్రయాణికులను దూరం చేసింది. 1928లో రేవు దగ్గర ఆగిన రైలుకు కనీసం రేవు ఉంది. 2004లో మళ్లీ వచ్చిన రైలు, జనం వదిలి వెళ్తున్న రేవు దగ్గర ఆగింది.

ఆ దారి మీద నడిపినది ఒంటి పెట్టె రైలు బస్సు. కాకినాడలో బయల్దేరి కోటిపల్లి వెళ్లి, మళ్లీ కాకినాడ చేరడం దాని దినచర్య. కాపలా లేని గేటు వచ్చినప్పుడల్లా బండి ఆగేది. సిబ్బంది దిగి గేటు వేసేవారు. బండి దాటాక మళ్లీ గేటు తీసి ఎక్కేవారు. 45 కిలోమీటర్లకు రెండు గంటలు దాటేది. సిబ్బంది కష్టాన్ని తక్కువ చేయడానికి లేదు. కానీ ప్రయాణికుడి వైపు నుంచి చూడాలి. ఉదయం పది గంటలకు కాకినాడ కళాశాలకో, కచేరీకో, పెద్దాసుపత్రికో రావలసినది రామచంద్రపురం మనిషి. బండి ఉదయం పూట కాకినాడ నుంచి అటు వెళ్లేది. ఎక్కవలసినవాడికి ఎదురుగా వెళ్లే బండిని రోజుకొక్కసారి నడిపి, పెట్టె నిండలేదని నమోదు చేసిన లెక్కను ఆదాయ పరీక్ష అని ఎలా అనగలం?

రైల్వే శాఖ శాఖా మార్గాల నష్టాల గురించి ఆలోచించలేదని చెప్పలేం. 1969లో గిట్టుబాటు కాని శాఖా మార్గాల మీద ప్రత్యేక కమిటీయే వేశారు. 1980ల తొలినాళ్లలో రైల్వే సంస్కరణల కమిటీ అలాంటి కొన్నింటిని మూసేయమని సిఫారసు చేసింది. రాష్ట్ర ప్రభుత్వాలు చాలావాటికి అంగీకరించలేదు. ఫలితంగా ఎన్నో దారులు మూతపడకుండా, బాగుపడకుండా మిగిలాయి. ఇంతకన్నా కఠినమైన ప్రయోగం బ్రిటన్‌లో జరిగింది. 1963 నాటి బీచింగ్ నివేదిక సుమారు 5,000 మైళ్ల దారులను, 2,363 స్టేషన్లను మూసేయాలని చెప్పింది. పల్లె స్టేషన్‌లో ఎక్కి మహానగరానికి వెళ్లే మనిషి ప్రయాణంలో శాఖా మార్గపు వాటా ఎంత అన్నదాన్ని ఆ నివేదిక సరిగా గుర్తించలేదన్న విమర్శ అక్కడ నేటికీ సాగుతోంది. మూసేసిన దారుల్లో కొన్నింటిని వారే తిరిగి తెరుస్తున్నారు.

శాఖా మార్గాన్ని నిలబెట్టేది ప్రధాన మార్గంతో కలయికేననడానికి మన దగ్గర సాక్ష్యం కోసం దూరం పోనక్కర్లేదు. రేపల్లె కూడా చివరి స్టేషనే. అక్కడి దారి పొడవు 34 కిలోమీటర్లే. కానీ రేపల్లెలో రాత్రి ఎక్కినవాడు బండి మారకుండా సికింద్రాబాద్ చేరే డెల్టా ఎక్స్‌ప్రెస్ ఆ దారిని దశాబ్దాలుగా నిలబెట్టింది. ఇటు సాలూరును చూడండి. 1913 నాటికే బొబ్బిలి వైపు నుంచి అక్కడికి పట్టాలు చేరాయి, తూర్పు కనుమల పాదం దగ్గర ఆగాయి. కొండెక్కి కోరాపుట్, జయపురం వైపు వెళ్లవలసిన సరుకు రోడ్డు పట్టింది. నేడు సాలూరు పేరు చెబితే రాష్ట్రమంతా లారీలను తలచుకుంటుంది. వర్తకం లేక రైలు చచ్చిన ఊరు అది కాదు. వర్తకం వెళ్లే దిక్కుకు రైలు వెళ్లలేదు. అక్కడా కొంతకాలం రైలు బస్సే నడిచింది.

ఈ మూడు దారుల ఉదాహరణలు కోటిపల్లి పక్కన పెడితే విషయం తేటపడుతుంది. రేపల్లె ప్రధాన మార్గంతో నేరుగా కలిసింది. గుణుపురం ఆలస్యంగానైనా కలిసింది. సాలూరు కొండ దగ్గర, కోటిపల్లి ఏటి దగ్గర తెగిపోయాయి. జనసాంద్రతలో, పంటలో, వ్యాపారంలో గోదావరి డెల్టా మిగిలినవాటికి తీసిపోయేది కాదు. లేనిదల్లా కొనసాగింపు. కాకినాడ నుంచి నరసాపురానికి కోనసీమ మీదుగా పోతే నూట రెండు కిలోమీటర్లు, అంతే. ఇప్పుడు సామర్లకోట, రాజమండ్రి, నిడదవోలు, భీమవరం చుట్టి రావాలి. ఆ చుట్టును తప్పించే దారి తెరుచుకున్న రోజున పాత 45 కిలోమీటర్లు శాఖా మార్గంగా ఉండవు. తీరం వెంబడి సాగే రెండో ప్రధాన మార్గంలో భాగమవుతాయి. రాజమండ్రి వంతెనల మీద ఏ ఆటంకం వచ్చినా బండ్లను మళ్లించడానికి తోవ దొరుకుతుంది.

అభ్యంతరాలున్నాయి, వాటిని దాచడం ఈ సభకు తగదు. మూడు పాయల మీద మూడు పెద్ద వంతెనలు కావాలి. నేల మెత్తన, పునాదులు లోతు. తుపానులూ వరదలూ తప్పని ప్రాంతం. సెంటు భూమి కూడా కొబ్బరితోటో, ఇంటి పెరడో అయిన చోట సేకరణ కష్టం, ఖరీదు. వ్యయంలో నాలుగోవంతు రాష్ట్రం భరించాలన్న ఒప్పందం పని నడకను రాష్ట్ర ఖజానా స్థితికి ముడివేసింది. వీటిలో ఏదీ తేలికైనది కాదు. గౌతమి మీద స్తంభాలు లేచిన తర్వాత కూడా ఏళ్లు గడుస్తున్నాయంటే కారణం ఇంజనీరింగ్ కన్నా నిధుల విడుదలలో ఎక్కువగా ఉంది. మంజూరై పాతికేళ్లు దాటిన పనిలో ప్రతి ఏడాది జాప్యం అంచనా వ్యయాన్ని పెంచుతుంది. పెరిగిన వ్యయాన్నే మళ్లీ జాప్యానికి కారణంగా చెబుతారు.

అందుచేత ఈ వేదిక నుంచి రైల్వే శాఖకూ, రాష్ట్ర ప్రభుత్వానికీ, ఇరు ఒడ్డుల ప్రజాప్రతినిధులకూ విన్నపం ఇది. నరసాపురం దాకా మూడు పాయలూ ఒకేసారి దాటేదాకా ఆగవద్దు. ముందు గౌతమి వంతెన పూర్తి చేసి అమలాపురం దాకా తొలి దశను తెరవాలి. ఆ లోపు కోటిపల్లి నుంచి ఉదయం కాకినాడకు, సాయంత్రం తిరిగి కోటిపల్లికి చేరేలా బండి నడపాలి. వీలైతే దాన్ని కాకినాడలో ఆపక సామర్లకోట దాకా తీసుకువెళ్లి ప్రధాన మార్గపు రైళ్లకు అందించాలి. అమలాపురం స్టేషన్‌లో తొలి టికెట్టు అమ్మిన తర్వాత అయిదేళ్లు ఆగి అప్పుడు లెక్క తీయాలి. అంతవరకు కోటిపల్లి దారిని నష్టాల పద్దు కింద చూపవద్దు.